లీటరు లెక్క

నేను నీళ్లు అమ్ముకునేవాణ్ణి.
ఇరవై లీటర్ల టిన్నులు, ఒక ట్రాలీ ఆటో.
బ్రాడీపేట అడ్డరోడ్లలో
ఏ ఇంటికి ఎన్ని మెట్లో నా భుజానికి తెలుసు.

మే నెల పదకొండో తారీఖున
నా కూతురికి నీళ్లు ఇవ్వొద్దన్నారు.

పూర్తిగా కాదులే, లెక్కగా ఇమ్మన్నారు.
రేపు ఈ వేళదాకా ఒక్క లీటరు.
మజ్జిగ, చారు, పుల్లైసు, మాత్ర మింగే గుక్క
అన్నీ అందులోనే.

కెజియాకి తొమ్మిదేళ్లు.
గడ్డకట్టడానికి దాని రక్తానికి బద్ధకం.
పెద్ద జబ్బు కాదు, చిన్నదే అంటుంది కొత్తపేట డాక్టరమ్మ.
చిన్నదంటే
ఏడాదికి నాలుగైదు దిండు గలీబులు,
మధ్యాహ్నం పూట ఫోన్లో టీచరు గొంతు,
ఎవరూ కొట్టకుండానే మోకాళ్ల కింద నేరేడు మచ్చలు,
వాటిని చూసి నన్ను చూసే చుట్టాలు.

పుచ్చిన పన్ను తీయాలి.
ముందుగా చేతి నరంలోకి మందు ఎక్కించారు,
అరగంట సేపు, చుక్క చుక్కగా.
పదో నిమిషానికి దాని మొహం
కళ్లంలో ఆరబోసిన కాయలా ఎర్రబడింది,
చెవులు కూడా.
"నాన్నా, లోపల ఎవరో పొయ్యి ముట్టించారు" అంది.
నర్సు నవ్వింది: ఏం లేదమ్మా, అది మందు గుణం.
గుణమూ దోషమూ ఒకే మంచం మీద పడుకున్నాయి.
నేను గడియారం చూస్తూ కూచున్నా.

పన్ను వచ్చింది. రక్తం ఆగింది.
అంత సుళువుగా ఆగడం మేమెప్పుడూ చూళ్లేదు.
రత్నకుమారి నమ్మలేక
దూది ఎత్తి మూడుసార్లు చూసింది.

రక్తాన్ని ఆపిన మందే నీళ్లనీ ఆపుతుందట.
తాగింది బయటికి పోక, ఒంట్లోనే నిలిచి
ఉప్పు పలచబడితే
తలనొప్పి, వాంతి, ఆ పైన ఫిట్సు.
చివరి మాట డాక్టరమ్మ
పిల్లకి వినపడకుండా అంది.
నాకు రోజంతా వినపడింది.

ఇల్లు చేరేసరికి నలభై నాలుగు డిగ్రీలు.
రేకుల వసారాలో ముప్పై రెండు టిన్నులు, మూతిదాకా నిండుగా.
దుప్పటి కప్పాను వాటికి, శవాలకి కప్పినట్టు.
"తాగమ్మా, తాగు" అని
తొమ్మిదేళ్లు వెంటపడిన నోటితోనే
"చాల్లే" అన్నాను.

వాళ్లమ్మ సీసాకి ప్లాస్టరు అంటించి
పెన్నుతో పది గీతలు గీసింది.
మూడింటికే ఆరో గీత.
మొహం కడుక్కుంటానంటే
కుళాయి దగ్గర నేనే కాపలా.
తర్వాత చూస్తే
దుప్పటి ఎత్తి, కూలింగు టిన్నుకి చెంప ఆనించి
కళ్లు మూసుకుని ఉంది.
తాగలేదు. ఊరికే ఆనుకుంది.
అప్పుడు తిట్టాను. ఎందుకు తిట్టానో.

రాత్రి పదిన్నరకి తలనొప్పి అంది.
మందు వల్లా? ఉప్పు వల్లా?
రెండూ ఒకేలా మొదలవుతాయట.
రత్నకుమారి డాక్టరమ్మకి ఫోను కలిపింది:
ఎన్ని గీతలు? ఒంటికి వెళ్లిందా? తికమకగా మాట్లాడుతోందా?
వాంతి అయితే మాత్రం ఆగకుండా తీసుకురండి.
తికమక తెలుసుకోడానికి ఎక్కం అడిగాను.
పదమూడేళ్లు తొంభై మూడు అంది.
గుండె జారింది.
"అది ఎప్పుడూ అంతే చెబుతుంది" అంది వాళ్లమ్మ.
ముగ్గురం నవ్వాం,
తల పట్టుకుని అది కూడా.

ఆటో తాళం చేతిలో పెట్టుకునే తెల్లారింది.
ఆరింటికి బాత్‌రూంలో చప్పుడు.
అంత మంచి చప్పుడు
ఏ చర్చి గంటలోనూ వినలేదు నేను.

గడువు తీరగానే పెద్ద గ్లాసు నిండా పోసి ఇచ్చాను.
రెండు గుక్కలు తాగి "చాలు నాన్నా,
ఆ మాత్రకి కడుపులో తిప్పుతోంది" అంది.
రోజుకి మూడు పూటలు, ఇంకా ఐదు రోజులుంది ఆ మాత్ర.

మిగిలిన నీళ్లు పారబొయ్యలేక నేనే తాగేశాను.
అరగంటలో ఆటో తీశాను.
మూడో లైనులో ఒకావిడ అంది:
"టిన్ను అంగుళం వెలితిగా ఉందేంటయ్యా?"

సీసా అలమరలోనే ఉంది, గీతలతో.
కింది వరసలో ఇంకో పన్ను పుచ్చుతోందట.