ఏ సైదులు?

పోస్టాఫీసు అరుగు మీద నిలబడి
"సైదులూ" అని పిలిస్తే
ఏడు తలకాయలు లేస్తయి.
ఒకడు బీడీ ఆర్పుతడు, ఒకడు చెప్పులు తొడుక్కుంటడు,
మిల్లు సైదులు మాత్రం కూసున్నకాడి నుంచే
"ఏ సైదులు సారూ?" అంటడు.
నా పేరు సైదా.
నన్ను పిలిచినా వాళ్లే పలుకుతరు.

జాన్‌పహాడ్ ఉర్సుకు బండ్లు కట్టిన ఏండ్లల్ల
మా అమ్మా, వాళ్ల అమ్మలూ
ఒక్క బాయి నీళ్లే నెత్తిన పోసుకుని
తడిబట్టలతోని నడిచిన్రట.
బిడ్డ నిలిస్తే నీ పేరేనని మొక్కిన్రట.
నిలిచినం.
పేరు ఒక్కటే దొరికింది,
మిగిలిన పని ఊరి మీద పడ్డది.

ఊరు ఊరుకుంటదా?
గొర్ల సైదులు, కరెంటు సైదులు,
బొంబాయి పోయి వారానికే తిరిగొచ్చినందుకు
బొంబాయి సైదులు.
సైదులు బాయి అని ఒకటి, ఎండి పదేండ్లు,
తవ్విన సైదులు ఎవరంటే ఎవ్వరూ చెప్పరు.
తండాల ఓ కోడెకు కూడా అదే పేరు.
ఎవరని అడగకుండ వచ్చేది అదొక్కటే.

కార్డు మీద ఇవేమీ ఉండయి.
ఇద్దరికైతే ఇంటిపేరూ ఒకటే, తండ్రి పేరూ ఒకటే.
అందుకే సర్కారు ఈ చిన్న మిషను పంపింది,
పేరు అడగదు, వేలు అడుగుతది.

నిన్న నాపరాళ్ల సైదులు వచ్చిండు పింఛనుకు.
నలభై ఏండ్లు బండలు కోసి, నున్నగ రాసిన చెయ్యి.
బొటనవేలు పెట్టిండు, కాదంది.
లుంగీకి తుడిచి పెట్టిండు, కాదంది.
పది వేళ్లూ అయినయి.
ఒక్క గీత లేదు,
ఆయన పరిచిన మా అరుగు బండ లెక్కనే ఉన్నది.
"నేను నేను గాదంటదా సారూ ఇది?"
అని నవ్విండు.
నాకు నవ్వు రాలే.

అరుగు మీదోళ్లు లేచి వచ్చిన్రు.
"వీడే సైదులు" అన్నడు మిల్లు సైదులు.
"వీడే" అన్నడు గొర్ల సైదులు.
కరెంటు సైదులు మిషనును ఇటు తిప్పి అటు తిప్పి
"దీనికే ఏదో అయింది" అన్నడు.

కాయితం తీసి రాయబోయిన.
సైదులు అనే ఇతను సైదులేనని
ఎరిగినవాళ్లు: సైదులు, సైదులు, సైదులు.
పై ఆఫీసుల చదివేటోడు
మమ్మల్నందర్నీ ఒక్క దొంగ అనుకుంటడు.

అయినా రాసిన. కింద సంతకం, సైదా.

జవాబు వచ్చేసరికి నెల పడుతది,
ఇదుంచుకో అని జేబుల నుంచి రెండొందలు తీస్తే
తీసుకుని, మడిచి, చెవికాడి బీడీ సవరించుకుని
"రాసుకో మరి" అన్నడు,
"ఏ సైదులు కింద రాస్తవో."