ఖాళీ గడి

విడవలూరు దాటినాక గుంటల మధ్యన
మా ఆసుపత్రి. రెండు మంచాలు, ఒక బల్ల.
రాత్రంతా రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తిరుగుతుంటాయి.
కొత్తల్లో ఆ మోతకి నిద్ర పట్టేది కాదు,
ఇప్పుడు అవి ఆగితేనే మెలకువొస్తుంది.

పదిన్నరకి ఆటో దిగింది పెంచలరత్నం.
తొలి కాన్పు. నెలలు నిండాయి, తల కిందికే ఉంది.
బీపీ బాగుంది. రక్తం పదకొండు.
అంటే నేను చేయాల్సింది తక్కువ.
ఆ తక్కువ చేయడానికే తెల్లారుతుంది.

గుమ్మంలోనే అందుకుంది అత్త మస్తానమ్మ:
"నొప్పుల సూది ఎయ్యమ్మా, బిన్నా తేలిపోద్ది."
ఇప్పుడొద్దమ్మా, దానంతటది వస్తా ఉంది గదా అన్నాను.
ఆమె నన్ను పైనించి కిందికి చూసి
చీర కుచ్చెళ్లు దోపుకుని కోడలి నడుం పట్టింది.

నడిపించాం.
వరండా ఆ చివర మందుల గది, ఈ చివర చెప్పుల గూడు.
నొప్పొస్తే కిటికీ ఊచలు పట్టుకుని వంగేది,
పోతే మళ్లీ మామూలు మనిషి:
"మా ఆయన చారెడు మేత ఎక్కువేస్తాడక్కా, ఓనరు తిడతాడు."
సగ్గుబియ్యం జావ తాగింది. కక్కింది. మళ్లీ తాగింది.

బిడ్డ గుండె విన్నాను, అరగంటకోసారి.
నూట నలభై. నూట ముప్పయ్యారు. నూట నలభై నాలుగు.
"ఇంకెంతుందో చూడక్కా" అంటుంది.
ఊరికే చూస్తే తొందరపడేది నేనే.

ట్రైనింగైన కొత్తల్లో నా చేతులు ఊరుకునేవి కావు.
తొలిచూలైతే చాలు, కత్తెర.
పొట్ట మీద మోచెయ్యి.
ముక్కు, ముక్కమంటుంటే, అని అరుపులు.
ఒకసారి అల్లూరు మార్కెట్లో ఒకామె పలకరించి
"నువ్వేసిన కుట్లు ఆర్నెల్లు నన్ను కూచోనియ్యలేదు సిస్టరమ్మా" అని
నవ్వుతానే చెప్పి, వంకాయలు ఏరుకుంది.
పురుగున్నవి పక్కన పెడతా ఉంది, ఒక్కొక్కటీ తిప్పి చూసి.

మూడున్నరకి
"నా వల్ల కాదు, ఇంటికి పోతా" అని చెప్పులేసుకుంది పెంచలరత్నం.
ఆ మాట కోసమే కాచుకోనున్నా.
ఇంటికి పోతానన్నాక ఎంతో సేపు పట్టదు.

ఆ వేళకి గుంట గట్టు మీద వాళ్లాయన చెంచయ్య
నీళ్ల మీదికి టార్చి కొడుతుంటాడు.
తెల్లారుజామున నీళ్లలో ఊపిరి తగ్గుద్ది, రొయ్య పైకి తేలుద్ది,
అన్ని ఏరేటర్లూ వెయ్యాల, పక్కకి పోగూడదు.
ఆయనకీ నాకూ జీతం
ఊపిరి కాచేందుకే.

బల్ల ఎక్కనంది. ఎక్కించలేదు.
దుప్పటి పరిచాం. మస్తానమ్మ గోడకానుకుని కూచుంటే
ఆమె మోకాళ్ల మధ్య కోడలు గొంతుక్కూచుంది.
నేను నేల మీద, వేన్నీళ్లలో పిండిన గుడ్డతో.
ముక్కమని ఎవరమూ చెప్పలేదు. ఆమెకే తెలిసింది.
తల కనపడింది, దాక్కుంది.
కనపడింది.
"ఊదు తల్లా, పొయ్యి ఊదినట్టు, మెల్లింగా."
నా చెయ్యి లాగలేదు, ఆపలేదు,
దగ్గరగా ఉందంతే.

నాలుగూ యాభైకి ఆడపిల్ల.
తుడిచి తల్లి రొమ్ము మీద బోర్లా వేశా.
నెత్తురు పోకుండా అప్పుడేశాను సూది, తొడకి.
"అదేదో రాత్రే ఎయ్యగూడదా!" మస్తానమ్మ సణుగుడు.
బొడ్డుతాడు నా వేళ్ల మధ్య కొట్టుకుంటోంది.
"కొయ్యమ్మా."
"ఇంకా ఇస్తా ఉంది. ఇయ్యనీ."
అది తెల్లబడి, మెత్తబడి, నిలిచిందాకా
ముగ్గురం దాన్నే చూశాం.
మాయ పడింది, ముక్క తగ్గలేదు.
కుట్టాల్సిందేమీ లేదు.

రిజిస్టర్లో పేరు, టైము, బరువు రెండు కిలోల తొమ్మిదొందలు.
ఆ పక్కన ఒక గడి: చేసిన ప్రక్రియలు.
పెన్ను పట్టుకుని కాసేపు కూచుని
అడ్డంగా ఒక గీత గీశా.

చెంచయ్య వచ్చాడు, మోకాళ్ల దాకా గుంట బురద,
గుమ్మం అవతలే నిలబడి
"శానా కష్టమైందా మేడం?"
"ఏం లేదబ్బయ్యా" అన్నాను,
నడుం పట్టేసి లేవలేక
కూచునే.