రెండు తీపుల మధ్య గాలి

ఆగస్టు నెల, విస్కాన్సిన్. పొద్దున ఆరున్నర.
మంచు తడి ఆరని వరుసల్లో
ఆర్విడ్ హాల్వర్సెన్ పచ్చి కండె విరుస్తాడు,
కొరుకుతాడు, నములుతాడు, ఉమ్మేస్తాడు,
ఒక అంకె చెబుతాడు.
నేను రాసుకుంటాను.
మింగడు.
మింగితే మధ్యాహ్నానికి నాలుక అబద్ధమాడుతుందట.

నలభై ఏళ్ళుగా మొక్కజొన్నలో తీపిని వెతుకుతున్న మనిషి,
తీపి గురించి ఒక్క మంచిమాట చెప్పడు.
"ఏదో ఒకటి చెడితేనే తీపి" అంటాడు.

గింజ తన చక్కెరనంతా పిండి చేసి మూటకట్టాలి.
రేపు మట్టిలో కళ్ళు తెరవబోయే మొలకకి
అదే దారి బత్తెం.
ఎక్కడో ఒక జన్యువు తప్పింది,
నిచ్చెనలో ఒక మెట్టు విరిగింది,
చక్కెర అక్కడే నిలబడిపోయింది
పైకి పోలేక.
దానికే మనం వెన్న రాసి, ఉప్పు చల్లి
ఆహా అంటాం.

జేబులోంచి నిరుటి విత్తనాలు తీసి చూపిస్తాడు:
ముడతలు పడి, డొల్లగా, బరువే లేకుండా.
మే నెల చలిమట్టిలో సగం మొలవనే లేదు.
సద్ది కట్టకుండా పొలిమేర దాటించిన పిల్లలు.

కంచెకి అవతల జ్దెంకా క్రాటొఖ్విల్ చేను.
ఆమెది పాత తీపి,
నాయనమ్మ గాజు సీసాలో దాచిన విత్తనం.
ముందు పొయ్యి మీద నీళ్ళు మరగాలి,
ఆ తర్వాతే ఆమె కండె కోయడానికి వెళ్తుంది.
తెంపిన క్షణం నుంచి తీపి తరిగిపోతుంటుంది,
దానికి ఆగడం తెలీదు.

జూలైలో రెండు చేలూ ఒకే వారంలో పూతకొచ్చాయి.
నైరుతి గాలి వీచింది.
ఎవర్నీ అడగలేదు.

ఈ రోజు అంచు వరుసలో
ఆర్విడ్ కొరికి ఆగిపోయాడు.
ఉమ్మడం మర్చిపోయాడు.
నోటినిండా సుద్దముక్క లాంటి పిండి.

అప్పుడే ఆవిడ వచ్చింది, ఒళ్ళో డజను కండెలు,
కళ్ళల్లో కయ్యం.
"మీ పుప్పొడి నా పంటని పశువుల దాణా చేసింది."
"మీది నా దాన్నీ చేసింది."
ఒకరి కండె ఒకరు కొరికారు.
ఇద్దరి ముఖాలూ ఒకేలా ముడుచుకున్నాయి.

ఆయన నా కాగితం వెనక రెండు నిచ్చెనలు గీశాడు.
"నా దాంట్లో విరిగిన మెట్టు మీ దాంట్లో గట్టిగానే ఉంది.
మీకు విరిగింది నాకుంది.
కలిసిన గింజకి అన్ని మెట్లూ దొరికాయి."
ఆమె చాలాసేపు చూసింది.
"అంటే ఇది పాడైపోలేదు."
"లేదు. బాగుపడింది."
అలా అని తనే నవ్వాడు,
ఈ వేసవిలో మొదటిసారి.

మరి రుచి గడిలో ఏం రాయాలి అన్నాను.
"ఆరోగ్యంగా ఉంది, అని రాయి."

ఏమైనా సరే, పారేయనంది జ్దెంకా.
వచ్చే ఏడు ఎవరు రెండు వారాలు ఆగి విత్తాలో
వంటగది గుమ్మంలో ఇంకా తేలలేదు,
నీళ్ళు మరిగాయి,
కండెలు మునిగాయి.
తీపి లేదు.
కానీ మూత తీయగానే
గదంతా వాసన,
పచ్చి గింజలో ఎంత నమిలినా దొరకనిది,
వేడికి తప్ప పలకనిది.
ఇద్దరూ మాట ఆపేశారు.

అది ఏ జన్యువు పనో ఆయనకింకా తెలీదు.
నా కాగితంలో దానికి గడి లేదు.