రాని జీతం

దుక్మ్ రిఫైనరీ గేటు కాడ, పొద్దుగాల నాలుగున్నరకు,
బస్సు కోసం నిలవడ్డ మంది నడుమ
నా చేతుల సిమెంటు సంచి చింపిన కాగితం.
నమ్ సారు రాసిచ్చిన మూడు ముక్కలు:
ఒన్. ఒనున్. ఒల్.

"సారమ్ అంటే ఆద్మీ" అన్నడు సారు, హెల్మెట్ తీసి తల గోక్కుంట.
ఒన్ సారమ్. ఒనున్ సారమ్. ఒల్ సారమ్.
నేనాగలే:
వచ్చిన మనిషి. వస్తున్న మనిషి. రాబోయే మనిషి.
"గింత జల్ది ఎట్ల?" అని
వచ్చీరాని హిందీల అడిగిండు.

పక్క మంచం మున్నీలాల్ వారం నుంచి 'జో' కోసం దేవులాడుతుండు.
వాని బాసల 'ఎవడైతే' అని బయలెల్లి
'వాడు' దాక నడవాలె.
మాకు ఆ తొవ్వ లేదు.
మోర్తాడ్ల పొలం కుదువవెట్టిన,
ఏజెంటు చేతుల లక్షా పది వేలు పోసిన,
ఎనిమిదో అంతస్తు మీద క్లాంపు బిగిస్తున్న
నేను.
ముందుగాల పరంజి, ఆఖరుకు ట్యాంకు.
కొరియాల గూడ గంతేనట.

నాలుగు నెలలాయె.
రూములున్న పదకొండు మంది నన్ను తోలిండ్రు:
"నీకు వాళ్ల మాట వస్తది గద, నువ్వే అడుగు."
నేను మనసుల తెలుగుల రాసుకున్న:
రాని జీతం.
రెండే మాటలు. దాన్ని అటు దాటియ్యబోతే
సారు ఆపిండు. ఏ రానిది?
అన్ నాఒన్ వల్గుప్, ఇప్పటిదాక రానిదా?
అన్ నాఒనున్, వస్తలేనిదా?
అన్ నాఒల్...
అక్కడ ఆయన గొంతే సన్నగైంది.

ముప్పై ఏండ్ల నుంచి నోట్లె ఉన్న మాట,
ఒక్కనాడూ చూసుకోలే:
మా 'రాని'కి కాలం లేదు.
నిన్న, నేడు, రేపు ఒక్క మూటల కట్టుకొని
మూలకు కూసుంటది.
అమ్మ "రాని బాకీ" అన్నప్పుడల్ల
మూడిట్ల ఏది అన్నదో ఇప్పుడడగాలె.

"అర్జీల జరిగిందే రాయాలె" అన్నడు సారు,
"జరగబోయేది రాస్తే బెదిరించినట్టుంటది."
సముద్రం దిక్కు నుంచి ఇసుక కొడుతుంటే
కాగితం తొడ మీద అదిమి
మొదటిదే రాసిన. కింద పదకొండు వేలిముద్రలు.

మూడోది రాయలే.
రాయని మాట.
మళ్ల చూడు,
దీనికీ కాలం లేదు.