మూడుబాటల కాడ

నా పేరు ఓబద్యా.
ఎనుమాముల యార్డుల హమాలీ బిళ్ల మీద ఓబయ్య.
ఒక్క పేజీ మాట్లాడి ఊకున్న ప్రవక్త పేరట అది;
పిల్లగాడు తక్కువ మాట్లాడుతడని పెట్టిండ్రు.
అట్లనే అయిన.
ముప్పయేండ్లు నా వీపు మీది బస్తాలే
నా బదులు మాట్లాడినయి.

శుక్రవారం. రిబ్కమ్మ చిన్నమ్మ ఇంట్ల కూడిక.
మిర్చి సీజను. అంగీ ఎంత దులుపుకున్నా
నేను గడప దాటంగనే ఆడోళ్లు తుమ్ముతరు, నవ్వుతరు.
"ఇయ్యాల నీ పేరున్న ప్రవక్తే, నువ్వే చదువు"
అన్నడు పాస్టరు నెహెమ్యా.

అచ్చరం కింద వేలు పెట్టి చదువుడు నాకలవాటు.
రాత్రి బడిల నేర్చిన చదువు,
వేలు జరిగితేనే నోరు జరుగుతది.

బండసందుల్ల కాపురమున్న దేశమట ఎదోము.
గద్ద గూడంత ఎత్తుల కూసోని
నన్నెవడు దించుతడన్నదట.
నాకు ఇనుపరాతి గుట్టలు కండ్ల ముంగట లేసినయి.
దించుతడు, అన్నడు పాస్టరు,
మబ్బుల మీద మంచమేసుకున్నా దించుతడు,
రాజ్యం ఎంత బరువున్నా ఆయన కాంటా ఇరుగది.
ఆమెన్ అన్నరు అందరు.
అందరికన్న గట్టిగ రిబ్కమ్మ అన్నది.
ముప్పయేండ్ల సంది ఆమె ఒక్క జీపును
దేవునికి గుర్తుచేస్తనే ఉన్నది, నంబరుతోటి సహా.

నేను గూడ ఆమెనన్న.

వేలు జరిగింది.
ఇప్పుడు కత్తి పట్టినోని ముచ్చట గాదు.
తమ్ముని ఊరు దోపిడైన దినం
దూరంగ నిలబడి చూసిన అన్న ముచ్చట.
పానం దక్కించుకోని ఉరికేటోళ్లకు అడ్డంగ
బాటలు చీలే కాడ నిలబడ్డ అన్న ముచ్చట.

వేలు ఆగింది.

అప్పుడు నేను జీతమున్న.
మూడుబాటల కాడ ఎడ్లకు నీళ్లు తాపుతున్న.
తిమోతి ఉరికిండు నా ముందుకెల్లి, ఒక కాలికి చెప్పు లేదు.
పార్టీల వానికి వేరే పేరుండె; నాకు తిమోతే,
ఒక్క చెరువుల, ఒక్క ఆదివారం
బాప్తిస్మం తీసుకున్నోళ్లం.
జొన్నచేను సందులకెల్లి గుట్ట దిక్కు పోయిండు.
ఎడ్లు ఇంక తాగుతనే ఉన్నయి, జీపొచ్చింది.
సారు అడిగిండు, బస్సెన్నింటికి అన్నట్టు, మెల్లగ.
నేను నోరు తెరువలే.
ఒక్క మాట చెప్పలే.
చెప్పలే, చెప్పలే అని ఇన్నేండ్లు
నాకు నేనే చెప్పుకున్న.
చెయ్యి లేసింది. అంతే.

ఈ వేలే.

మిర్చి ఘాటు గొంతుకు పట్టిందనుకున్నరు.
రిబ్కమ్మ లేసి ముంతల నీళ్లు తెచ్చింది.
"తాగు బిడ్డా, ఎంత దుమ్ము మింగుతవో పాపం"
అని వీపు మీద రాసింది.
బరువు మోసే వీపు ఎట్లుంటదో ఆమెకెరుక.

ఎదోము ఏడున్నదని అడిగితే
చానా దూరం, ఎడారులకవతల అంటడు పాస్టరు.
తర్వాతి వరుసల ఏమున్నదో నాకెరుకే,
ఎవని తూకంరాళ్లు వానికేనని.
ఎన్నిసార్లు వేలు ఎత్తి దాటేసిన్నో ఆ వరుసను.

"ఇంకెంతున్నది? చదువు బిడ్డా,
ఒక్క పేజే గద నీ ప్రవక్తది."

వేలు తీసిన. అచ్చరాల మీద చెమట మరక.

"చిన్నమ్మా" అన్న.

పేజీల లేని మాట అది.
వేలు లేకుండ నోరు జరిగింది.