పావు, సగం, నిండు

కనెక్టికట్‌లో, బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్ళో,
అచ్చుపలకల కార్ఖానా మూడో అంతస్తులో
యాద్విగా సోబ్‌చాక్ ముప్ఫై ఏళ్ళుగా
బొమ్మల పుస్తకాల మనుషులకు చర్మం వేస్తోంది.
పసుపు పావు, ఎరుపు పావు.
ఏ వీరుడికైనా, ఏ దొంగకైనా అదే లెక్క.
రాత్రికి నీలం నిండుగా.
నెత్తురుకు మాత్రం నలుపే,
పిల్లలు చదువుతారని.

ఈ నెల కథ రైలు సిగ్నల్ మనిషిది.
పేకాటలో ముక్కలు బాగా పడ్డాయి.
ఇంకొక్క ఆట, అనుకున్నాడు.
మీట దించలేదు.
ఆరో గడిలో అద్దం పెంకుల మధ్య చెల్లెలి చెయ్యి.
ఏడో గడిలో అతను ఎగురుతున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి
ఆ ఆకులే రెక్కలై మొలిచాయన్నమాట.

యాద్విగా కుంచె ఆగింది.
ఆరుకీ ఏడుకీ నడుమ
అగ్గిపుల్ల వెడల్పున ఓ తెల్ల చాలు.
దానికి రంగు వెయ్యక్కర్లేదు,
కూలి లెక్కలోకి రాదు.
ఆమె బతుకంతా ఆ చాల్లోనే గడిచింది.

పెక్వానక్ నది గడ్డకట్టిన ఏడు
ఆమెకు పంతొమ్మిది.
ట్రాము కోసం పరిగెడుతూ చూసింది:
పక్కింటి జెనెక్, తొమ్మిదేళ్ళవాడు,
మెడలో స్కేట్లు, నెత్తిన ఎర్ర ఉన్ని టోపీ.
వంతెన కింద మంచు నల్లబడిందని
నిన్ననే చూసింది తను.
నోరు తెరిచింది కూడా.
ట్రాము వచ్చింది.
ఎవరో ఒకరు చెబుతార్లే.

ఆ ఎవరో ఒకరు
ఆ రోజు ఆ ఊళ్ళో లేరు.

వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి అయ్యో అంది.
నా భాషలో అయితే పాపం అనేవాళ్ళం.
జాలికీ అదే మాట, చేసినదానికీ అదే.
రెంటినీ ఒక్క గుక్కలో మింగే వీలు
ఆమె పోలిష్‌లో లేదు.
విడివిడిగా మింగింది.

పిడుగు పడలేదు. ఉల్క రాలలేదు.
తెల్లారి మామూలుగానే ఆకలేసింది,
దానికి మరీ సిగ్గుపడింది.
వచ్చిన శక్తల్లా ఇదీ:
ఎక్కడ ఏ పిల్ల పరిగెత్తినా
పేరు తెలియకున్నా కేకేస్తుంది.
వాళ్ళు ఆమెను గుడ్లగూబ అంటారు.
చలికాలం ఐదింటికే చీపురుకర్రతో మంచు పొడిచి చూసి
వంతెన కమ్మీకి అట్టముక్క కడుతుంది,
పల్చన అని రాసి.
మున్సిపాలిటీవాళ్ళు సాయంత్రానికి పీకేస్తారు.

వాడి తల్లిది పావు, అనుకుందొకసారి,
లోపలికి పిలవనందుకు.
ట్రాము నడిపినవాడిది? నదిది?
మరి తనది?
కొన్ని రాత్రులు సగం.
కొన్ని రాత్రులు నిండు.
చర్చిలో ఫాదర్ మొత్తం తుడిచేశాడు.
పావైనా మిగల్చాల్సింది, అనిపించింది.

ఈ కథ రాసినవాణ్ణి అడగాలనుంది ఆమెకు:
ఒక మంచివాడు తయారవడానికి
ఒక పిల్ల కావాలా,
ఆరో గడిలో, పేరైనా లేకుండా?
వీడు ముందు ముందు కాపాడే వెయ్యిమందిని
తక్కెడలో ఓ పక్కన కూర్చోబెడితే
ఈ చెయ్యి తూగుతుందా?
తూగదని తెలుసు.
అయినా వెయ్యిమంది వెయ్యిమందే.
అక్కడే ఆగిపోతుంది, ప్రతిసారీ.

సూచనల కాగితంలో ఆ చేతికి బూడిద రంగని ఉంది.
యాద్విగా పసుపు పావు వేసింది, ఎరుపు పావు వేసింది,
బతికున్నవాళ్ళ లెక్క.
చొక్కా అంచుకు ఎరుపు నిండు.
సూపర్‌వైజర్ లొరెట్టా కళ్ళద్దాలు పైకి జరిపి
చాలాసేపు చూసి
తర్వాతి పలక అందుకుంది.

అక్టోబరులో పుస్తకం వచ్చింది, పన్నెండు సెంట్లు.
మందుల షాపులో నిలబడే తిరగేసింది.
అచ్చులో పలక కాస్త జరిగినట్టుంది.
ఎరుపు గీత దాటి
వెంట్రుకవాసి పక్కన పడింది,
ఎవరో పిలిస్తే
చెయ్యి అప్పుడే కదిలినట్టు.