డిగ్రీలు

నయీంనగర్ నాలా పక్క సందుల
నెలకు ఆరువేల కిరాయి గది.
గోడ సున్నం ఇంకా ఆరలే.
బోర్డు రాయనీకి పెయింటర్ ఐలోని వచ్చిండు,
ఎడమ చేత్తోని కుడి చేతిని మోసుకుంట.

"పేరు ముందట డాక్టర్ అని పెట్టాల్నా, వద్దా బిడ్డా?"
అడిగి, కుంచె తడిపి, ఆగిండు.

జవాబు నా దగ్గర లేదు.
నాలుగున్నరేండ్ల చదువు, దాని మీద ఇంకో రెండేండ్లు.
కోసిన శవం మీద ఒక్కో కండరాన్ని
పేరు పెట్టి పిలిచిన చేతులివి.
ఒక కాగితం పెట్టుకోమంటది,
ఇంకో కాగితం ఆగుమంటది.
తేలుతది, తేలుతది అనుకుంటనే
మా సీనియర్ల తలలు నెరిశినయి.

సందుల జనానికి ఆ తకరారు లేదు.
వాళ్ళకు నేను కరెంటు వెట్టే మేడం.
కొందరికి మాలిష్ మేడం.
మొదట్ల ఏడ్చిన.
ఇప్పుడు "ఆ, చెప్పుండ్రి" అంట.

దీనికి ముందు పెద్దాసుపత్రిల మూడేండ్లు.
జీతమిచ్చేది ఆసుపత్రి కాదు, ఏజెన్సీ.
ఏజెన్సీ ఎక్కడుంటదంటే
ఫోన్ల ఉంటది, ఎత్తని ఫోన్ల.
ఐదో నెల కూడా ఒట్టిగ దాటినంక
నా కోణమానిని, నా టేపు, నా చెప్పులు తెచ్చుకున్న.
ఆ గది తాళంచెయ్యి ఎవరికియ్యాల్నో
ఎవ్వరూ చెప్పలే.
ఇంకా నా సంచిలనే ఉన్నది.

"బోర్డు సంగతి తర్వాత, ఐలన్నా. చెయ్యి లేపు."
లేపిండు.
డెబ్బై రెండు డిగ్రీలు. అక్కడ గడియ పడ్డది.
ముప్పై ఏండ్లు నిచ్చెన మీద నిలవడి
సినిమా పేర్లు, పార్టీ గుర్తులు, ఎరువుల దుకాణాలు రాసిన భుజం.
ఫ్లెక్సీలొచ్చి పని గుంజుకపోయినయి,
నొప్పి జోలికి రాలే.
"షుగరున్నదా?" అంటే "ఉంటే ఉండనీ" అన్నడు.

గోడకు వేళ్ళ నిచ్చెన బిగించిన. కట్టెది, ఇరవై ఎనిమిది మెట్లు.
చూపుడువేలు, నడిమివేలు
రెండు కాళ్ళయి ఎక్కాలె.
"ఇన్నేండ్లు నేనెక్కిన, ఇగ వీటి వంతా" అని నవ్విండు.
తొమ్మిదో మెట్టు కాడ నవ్వు ఆగింది.

ఎనుమాముల హమాలీ రాజకొమురు సంగతి వేరే.
నడుము ఆపరేషన్‌కు కార్డు పనిచేసింది.
కోసినంక నడిపించే పనికి
ఆ కార్డుల గడి లేదు.
పెద్ద డాక్టర్ చీటీ మీద "ఫిజియో, పది రోజులు" అని రాసిండు.
కాలుకు లెక్కలు రావు.
పదకొండో రోజు వచ్చి, పైసలకు బదులు
మిర్చి సంచి టేబుల్ మీద పెట్టిండు.
ఆ పొద్దంత క్లినిక్ తుమ్మింది.
ఎవరికో పట్టేసిన మెడ తుమ్ముకే సాఫయిందన్నరు,
అది నా ఖాతాల రాసుకోలే.

స్కానింగు సెంటరాయన ఒకడు
మనిషికింత అని బేరం పట్టుకొచ్చిండు.
చాయ్ తాపి తోలిచ్చిన.
అవతలి సందుల ఆర్నెల్ల కోర్సాయనకు
పేరు ముందట డాక్టర్ ఉన్నది,
రాత్రిపూట ఎర్రగ వెలుగుతది గూడ.

నెలన్నరకు ఐలోని చెయ్యి నూట ముప్పై.
నా డిగ్రీలు ఫ్రేముల ఉన్నయి,
ఇప్పటిదాంక అడిగినోళ్ళు లేరు.
ఐలోని డిగ్రీలు నోటుబుక్కుల పెన్సిలుతోని రాస్త,
గడప తొక్కంగనే అడుగుతడు,
"ఇయ్యాల ఎన్నొస్తయంటవ్?"

మొన్న శుక్రారం, గోడకు ఒరిగిన రేకును కడిగి
బోర్డు రాసిండు.
బొల్లెపెల్లి మంజుల, ఫిజియోథెరపిస్టు.
పేరు ముందట
ఒక్క అక్షరం, ఒక్క చుక్క పట్టేంత జాగ
ఇడిసిపెట్టిండు.
"వాళ్ళు తేల్చుకున్ననాడు పిలువు బిడ్డా,
అందుతది ఇగ" అని
రంగు డబ్బాలు రెండూ
కుడి చేత్తోనే లేపిండు.

"ఐలన్నా, బరువొద్దంటిని గదా!
ఎడమ చేత్తోని, ఎడమ చేత్తోని!"
సందు మలుపు దాంక ఒర్రిన.
వినలే.